క్లౌడ్‌తో కంప్యూటర్‌లో చోటు ఖాళీ చేయడం: ఏ క్రమంలో, ఏ జాగ్రత్తలతో

ఫైళ్లన్నీ క్లౌడ్‌కి ఎక్కించాక కూడా సి డ్రైవ్ గీత ఎర్రగానే ఉందంటే అందులో వింతేమీ లేదు. ఎక్కించడం వేరు, ఖాళీ చేయడం వేరు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, ఐక్లౌడ్ ఏదైనా సరే, మీ ఫైలుకు ఒక నకలు తీసి సర్వర్‌కి పంపుతుంది. అసలు ఫైలు మీ డిస్కులో ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది. ఆ ఫైలు డిస్కులోంచి పోతేనే చోటు వస్తుంది. పోగొట్టడానికి రెండు దారులున్నాయి. ఒక దారిలో ఫైలు క్లౌడ్‌లో భద్రంగా ఉండి, కంప్యూటర్‌లో పేరు మాత్రం మిగులుతుంది. రెండో దారిలో, అంటే డిలీట్ నొక్కితే, ఫైలు రెండు చోట్లా పోతుంది. కింది మెట్లన్నీ మొదటి దారి తప్పకుండా ఉండటానికే.

ముందు చోటు ఎక్కడ పోయిందో చూడండి

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ అనే వరుసలో వెళ్తే యాప్‌లు ఎంత తింటున్నాయో, డాక్యుమెంట్లు, ఫొటోలు, వీడియోలు ఎంతున్నాయో విడివిడిగా కనిపిస్తుంది. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో స్టోరేజ్. విండోస్‌లో ఇంకా లోతుగా చూడాలంటే విజ్‌ట్రీ గానీ విన్‌డిర్‌స్టాట్ గానీ పెట్టుకోండి. రెండూ డ్రైవ్ మొత్తం వెతికి, ఏ ఫోల్డర్ ఎంత పెద్దదో వరుసగా చూపిస్తాయి.

256 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు విండోస్‌లో 238 జీబీ అని కనిపిస్తే మిగతాది ఎవరో తినేశారనుకోకండి. తయారీదారులు కిలోబైట్‌కు వెయ్యి బైట్ల చొప్పున లెక్క కడతారు, విండోస్ 1024 చొప్పున కడుతుంది. తేడా అంతే.

చెత్తను క్లౌడ్‌కి ఎక్కించడంలో అర్థం లేదు. అందుకే ముందు అదే స్టోరేజ్ పేజీలో టెంపరరీ ఫైల్స్ తెరవండి. రీసైకిల్ బిన్, అప్‌డేట్ మిగుళ్లు, పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అక్కడ కనిపిస్తాయి. ఈ చివరిది ఒక్కటే 10, 20 జీబీ ఉండొచ్చు. అయితే దాన్ని తీసేస్తే పాత విండోస్‌కి తిరిగి వెళ్లే వీలుండదు. ఇటీవలి పెద్ద అప్‌డేట్ తర్వాత అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని తేలాకే తీసేయండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అన్న వరుస కూడా ఉంటుంది, అక్కడ మాత్రం టిక్ పెట్టకండి. అది మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ ఫోల్డర్‌ను చేత్తోనే చూసి, వాడేసిన ఇన్‌స్టాలర్లు, రెండేసి మూడేసి సార్లు దిగిన పీడీఎఫ్‌లు తీసేయడం మేలు.

ఏవి పంపాలి, ఏవి పంపకూడదు

క్లౌడ్‌కి పంపాల్సినవి పెద్దవిగా ఉండి, అరుదుగా తెరిచేవి: పాత ఫొటోలు, వీడియోలు, ముగిసిపోయిన పనుల ఫోల్డర్లు, స్కాన్ చేసిన కాగితాలు, రికార్డింగులు. ఒక వీడియో ఫోల్డర్ పంపితే వచ్చే చోటు వెయ్యి వర్డ్ ఫైళ్లు పంపినా రాదు. అందుకే పరిమాణం వారీగా అమర్చుకుని, పైనుంచి మొదలుపెట్టండి.

పంపకూడనివి ఇంకా ముఖ్యం. విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్, యాప్‌డేటా జోలికి వెళ్లొద్దు. ప్రోగ్రాములు వాటిని ఎప్పుడూ ఉన్నచోటే వెతుక్కుంటాయి. ఔట్‌లుక్ మెయిళ్లు దాచుకునే పీఎస్‌టీ ఫైలు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ రోజూ రాసుకునే డేటా ఫోల్డర్, వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) డిస్కులు కూడా సింక్ ఫోల్డర్‌లో, అంటే క్లౌడ్‌తో తనంతట తనే సరిపోల్చుకునే ఫోల్డర్‌లో, పెట్టకండి. ఇవి తెరిచి ఉన్నంతసేపూ మారుతూనే ఉంటాయి. సింక్ చేసే యాప్, ఆ ప్రోగ్రాము ఒకే ఫైలు కోసం పోట్లాడితే ఫైలు పాడవుతుంది, లేదా పేరు చివర కంప్యూటర్ పేరు తగిలించుకున్న రెండో కాపీ పుడుతుంది. కోడింగ్ చేసేవాళ్ల ప్రాజెక్టు ఫోల్డర్లది మరో ఇబ్బంది. వాటిలో వేల చిన్న ఫైళ్లుంటాయి, మొత్తం పరిమాణం తక్కువైనా సింక్ గంటల తరబడి నడుస్తుంది. అలాంటివాటిని జిప్ చేసి ఒకే ఫైలుగా పంపండి.

ఎంత చోటు దొరుకుతుంది, ఎంతసేపు పడుతుంది

ఉచితంగా గూగుల్ 15 జీబీ ఇస్తుంది. వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ చెరో 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. గూగుల్ ఇచ్చే 15 జీబీ డ్రైవ్‌కి ఒక్కదానికే కాదు, జీమెయిల్, గూగుల్ ఫొటోస్ కూడా అందులోనే. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించిన ఫొటోలు ఏ నాణ్యతలో ఉన్నా ఆ లెక్కలోకే వస్తాయి. అది నిండితే కొత్త ఫైళ్లు ఎక్కకపోవడమే కాదు, మెయిళ్లు రావడం, పోవడం ఆగిపోతుంది. మీ ముఖ్యమైన మెయిల్ ఆ ఖాతాలోనే ఉంటే దాన్ని అంచుదాకా నింపొద్దు, రెండు మూడు జీబీలు ఎప్పుడూ వదిలి ఉంచండి. 100 జీబీ దాటి పంపాల్సినవాళ్లకు ఉచిత ఖాతాలు నాలుగైదు తెరిచి ముక్కలు ముక్కలుగా దాచడం కన్నా ఒకే ఖాతాకు డబ్బు కట్టడం మంచిది. ఏ ఫైలు ఏ ఖాతాలో ఉందో ఏడాది తర్వాత గుర్తుండదు.

ఇక సమయం. ఇంటర్నెట్ ప్లాన్‌లో పెద్దగా కనిపించే అంకె చాలాచోట్ల డౌన్‌లోడ్‌ది, మీకు కావాల్సింది అప్‌లోడ్ వేగం. ఏదైనా స్పీడ్ టెస్ట్‌లో చూసుకోండి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్) ఉంటే సెకనుకు 1.25 ఎంబీ ఎక్కుతుంది, అంటే గంటకు 4.5 జీబీ. 50 జీబీకి పదకొండు గంటలు దాటుతుంది. అంతసేపు కంప్యూటర్ నిద్రపోకూడదు. పవర్ సెట్టింగ్స్‌లో ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ కాకుండా మార్చి, రాత్రి పూట వదిలేయండి. కనెక్షన్‌ను మీటర్డ్ (డేటాకు పరిమితి ఉన్నది) అని గుర్తు పెట్టి ఉంటే వన్‌డ్రైవ్ సింక్ దానంతటదే ఆగిపోతుంది. రాత్రంతా వదిలినా ఏమీ ఎక్కలేదంటే ముందు ఆ గుర్తే చూడండి.

వన్‌డ్రైవ్‌లో, మెట్టు మెట్టుగా

1. టాస్క్‌బార్ కుడివైపు చివర ఉన్న మేఘం గుర్తు నొక్కి సైన్ ఇన్ అవండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ బ్యాకప్ చేయమంటారా అని అడుగుతుంది. మీది 5 జీబీ ఉచిత ఖాతా అయితే ప్రస్తుతానికి వద్దనండి. ఆ మూడూ కలిస్తే 5 జీబీ ఇట్టే నిండిపోయి, మీరు పంపాలనుకున్నదానికి చోటుండదు.

2. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, లోపల కొత్త ఫోల్డర్ చేయండి. పంపాల్సిన ఫైళ్లను అందులోకి కట్ చేసి పేస్ట్ చేయండి, కాపీ చేయకండి. వన్‌డ్రైవ్ ఫోల్డర్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది. సి లోపల ఫైలును జరిపితే అదనపు చోటు పట్టదు, కాపీ చేస్తే అప్పటికే నిండిన డ్రైవ్‌లో రెండో కాపీ పడుతుంది. డి డ్రైవ్‌లోంచి తెస్తుంటే మాత్రం కట్ చేసినా సి లో అంత చోటు ముందే ఉండాలి. అలాంటప్పుడు 5 జీబీ చొప్పున తెచ్చి, అవి ఎక్కి ఖాళీ అయ్యాక తర్వాతి విడత తెండి.

3. ఫైళ్ల పక్కన గుర్తులు గమనించండి. తిరుగుతున్న నీలం బాణాలు ఉంటే ఇంకా ఎక్కుతోంది. తెల్లటి వృత్తంలో ఆకుపచ్చ టిక్ వస్తే క్లౌడ్‌లోనూ ఉంది, డిస్కులోనూ ఉంది. ఎర్రటి గుర్తు వస్తే ఎక్కలేదు.

4. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ సైట్ తెరిచి, ఫోల్డర్ అక్కడ కనిపిస్తోందో లేదో చూడండి. దీని సంగతి కింద విడిగా చెప్తాం. ఇది వదిలేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

5. ఇప్పుడు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఫ్రీ అప్ స్పేస్" నొక్కండి. ఆకుపచ్చ టిక్ పోయి నీలం మేఘం వస్తుంది. ఫైలు పేరు, పరిమాణం కనిపిస్తూనే ఉంటాయి. డబుల్ క్లిక్ చేస్తే ఇంటర్నెట్ నుంచి దిగి తెరుచుకుంటుంది.

6. నిజంగా ఖాళీ అయిందా అని తేల్చుకోవడానికి రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. అక్కడ రెండు అంకెలుంటాయి. "సైజ్" దగ్గర పాత పరిమాణమే ఉంటుంది, "సైజ్ ఆన్ డిస్క్" దగ్గర సున్నా ఉండాలి.

పూర్తిగా ఆకుపచ్చతో నిండిన వృత్తంలో తెల్ల టిక్ ఉంటే ఆ ఫైలుకు "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టి ఉందని అర్థం. అది ఎప్పటికీ డిస్కులోనే ఉంటుంది. రోజూ వాడేవాటికి, ఇంటర్నెట్ లేని ప్రయాణంలో కావాల్సినవాటికి ఈ గుర్తు మీరే పెట్టుకోండి. బయల్దేరే ముందు రాత్రి పెడితే దిగడానికి సమయం దొరుకుతుంది.

నీలం మేఘం ఉన్న ఫైలు ఎలాగూ డిస్కులో లేదు కదా అని డిలీట్ నొక్కకండి. అది క్లౌడ్‌లోంచి పోతుంది, మీ మిగతా కంప్యూటర్లలోంచీ పోతుంది. అలా జరిగితే కంగారు పడకుండా వన్‌డ్రైవ్ సైట్‌లో రీసైకిల్ బిన్ తెరవండి. సొంత ఖాతాలో 30 రోజులు, ఆఫీసు లేదా కాలేజీ ఖాతాలో మామూలుగా 93 రోజులు ఉంటుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో కూడా 30 రోజులే.

గూగుల్ డ్రైవ్: స్ట్రీమ్ ఎంచుకోండి

గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ పెట్టాక ప్రిఫరెన్సెస్‌లో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మిర్రర్ అంటే ప్రతి ఫైలూ క్లౌడ్‌లోనూ డిస్కులోనూ ఉంటుంది, చోటు ఒక్క ఎంబీ కూడా మిగలదు. స్ట్రీమ్ అంటే ఫైళ్లు క్లౌడ్‌లో ఉండి, తెరిచినప్పుడు దిగుతాయి. మనకు కావాల్సింది స్ట్రీమ్. అది ఎంచుకుంటే విండోస్‌లో కొత్త డ్రైవ్ ఒకటి, మామూలుగా జి అనే అక్షరంతో, వస్తుంది. అందులోని మై డ్రైవ్‌లోకి ఫైళ్లను కాపీ చేయండి. అన్నీ ఎక్కాయని చూసుకున్నాక, పాతచోట ఉన్న అసలు ఫైళ్లను తీసేయండి. ఇవి సింక్‌లో లేని మామూలు ఫోల్డర్‌లోవి కాబట్టి ఇక్కడ డిలీట్ చేస్తే క్లౌడ్ కాపీకి ఏమీ కాదు.

ఎక్కువమంది దెబ్బతినే చోటు మరొకటుంది. అదే ప్రిఫరెన్సెస్‌లో "మై కంప్యూటర్" లేదా "మై ల్యాప్‌టాప్" అని ఒక భాగం ఉంటుంది. అక్కడ డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్‌ను డ్రైవ్‌తో సింక్ చేయమని కలిపితే, స్ట్రీమ్ పెట్టుకున్నా సరే, ఆ ఫోల్డర్ డిస్కులోనే పూర్తిగా ఉంటుంది. చోటు కోసం అందులోని ఫైళ్లు తీసేస్తే డ్రైవ్‌లోంచి కూడా పోతాయి. బ్యాకప్ కోసం అది మంచిదే, ఖాళీ చేయడానికి పనికిరాదు.

స్ట్రీమ్‌లోనూ కొంత చోటు పోతుంది. జి డ్రైవ్‌లోకి వేసిన ఫైలు ఎక్కేదాకా సి డ్రైవ్‌లోని కాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వ ఫోల్డర్‌లో, ఉంటుంది, మీరు తెరిచిన ఫైళ్లు కూడా అక్కడే పేరుకుంటాయి. సి లో 4 జీబీ మాత్రమే ఉన్నప్పుడు జి లోకి 30 జీబీ ఒక్కసారిగా లాగితే మధ్యలోనే ఆగిపోతుంది. కాష్‌ను వేరే డ్రైవ్‌కి మార్చుకునే వీలు ప్రిఫరెన్సెస్‌లోని సెట్టింగ్స్‌లో ఉంది. డి డ్రైవ్‌లో చోటుంటే అక్కడికి మార్చేయండి. కాష్ ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో ఫైళ్లు తీసేయడం మాత్రం చేయొద్దు, ఇంకా ఎక్కని ఫైళ్లు అందులోనే ఉండొచ్చు.

డ్రాప్‌బాక్స్‌లో పని సులువు. రైట్ క్లిక్ చేసి "మేక్ ఆన్‌లైన్ ఓన్లీ" నొక్కితే చాలు. మ్యాక్‌లో ఐక్లౌడ్ డ్రైవ్‌కి "ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్" పెడితే చోటు తక్కువైనప్పుడు అదే చూసుకుని పాత ఫైళ్లను క్లౌడ్‌కే పరిమితం చేస్తుంది. ఇప్పుడే ఖాళీ కావాలంటే ఫైండర్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి "రిమూవ్ డౌన్‌లోడ్" ఎంచుకోండి.

ఖాళీ చేసే ముందు సరిచూసుకోవడం

ముందు సింక్ యాప్ గుర్తు మీద నొక్కి అన్నీ అప్‌డేట్ అయ్యాయని ఉందో, ఇంకా ఫైళ్లు మిగిలాయని ఉందో చదవండి. తర్వాత ప్రాపర్టీస్‌లో ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో రాసుకుని, సైట్‌లో కనిపించే సంఖ్యతో పోల్చండి. అన్నిటికన్నా పెద్ద ఫైలు, చివరగా ఎక్కిన ఫైలు, లోపలి ఫోల్డర్లలోంచి మూడు నాలుగు ఫైళ్లు ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో తెరవండి. అదే కంప్యూటర్‌లో తెరిస్తే డిస్కులోని కాపీయే తెరుచుకుంటుంది, ఆ పరీక్షకు విలువ లేదు. వీడియో అయితే మొదలు, మధ్య, చివర మూడు చోట్లా కాస్త నడిపి చూడండి.

ఫైళ్లు పదివేలు దాటితే చేత్తో సరిచూడటం కుదరదు. ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రాములో చెక్ అనే ఆదేశం ఉంది. అది రెండు వైపులా ఫైళ్ల పరిమాణం, హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) పోల్చి, తేడా ఉన్నవాటి పేర్లు చెప్తుంది. అందులోనే ఉన్న సింక్ ఆదేశాన్ని మాత్రం తెలియకుండా వాడకండి. మూలంలో లేని ఫైళ్లను అది అవతలివైపు తుడిచేస్తుంది. ఎక్కించడానికి కాపీ ఆదేశం వాడండి.

కొన్ని ఫైళ్లు ఎంతకీ ఎక్కవు. ఎక్కువసార్లు పేరే కారణం. ప్రశ్నార్థకం, నక్షత్రం, కోలన్, కొటేషన్ గుర్తు లాంటివి వన్‌డ్రైవ్ ఒప్పుకోదు. విండోస్‌లో అలాంటి పేర్లు ఎలాగూ పెట్టనివ్వదు కాబట్టి, మ్యాక్ నుంచి వచ్చిన ఫోల్డర్లలో ఇవి తరచుగా దొరుకుతాయి. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో మరో ఫోల్డర్ అంటూ పోతే మొత్తం దారి (ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు కలిపి) 400 అక్షరాలు దాటినా వన్‌డ్రైవ్ ఆగిపోతుంది. పేర్లు కుదించండి. ఫైలు వేరే ప్రోగ్రాములో తెరిచి ఉండటం ఇంకో కారణం, మూసేస్తే ఎక్కుతుంది.

ఇక్కడే ఇంకో పని. ఫ్రీ అప్ స్పేస్ నొక్కాక ఆ ఫైలు ప్రపంచంలో మీకు ఒకే ఒక్కచోట, మీ క్లౌడ్ ఖాతాలో ఉంటుంది. మళ్లీ దొరకని ఫొటోలు, పత్రాల విషయంలో అది చాలదు. అందుకే ఖాళీ చేయకముందే వాటిని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి పెట్టండి. తర్వాత చేద్దామంటే మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ కావాలి, దానికి చోటుండదు. ఖాతాకు రెండంచెల ధృవీకరణ పెట్టి, రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి దాచుకోండి. ఆ కోడ్‌ల ఫైలును అదే క్లౌడ్‌లో పెడితే, ఖాతా తెరుచుకోనప్పుడు అది చేతికి రాదు. పక్కన పెట్టేసిన గూగుల్ ఖాతాలోకి అప్పుడప్పుడూ వెళ్తుండండి, రెండేళ్లు ఎవరూ వాడని సొంత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు.

మళ్లీ నిండకుండా

విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయం ఈ పనిని తనే చేస్తుంది. స్టోరేజ్ పేజీలోనే దాన్ని ఆన్ చేసి లోపలికి వెళ్తే వన్‌డ్రైవ్ పేరుతో ఒక భాగం ఉంటుంది. 1, 14, 30, 60 రోజులు తెరవని ఫైళ్లను క్లౌడ్‌కే పరిమితం చేయమని అక్కడ చెప్పొచ్చు. 30 రోజులు చాలామందికి సరిపోతుంది. ఆల్వేస్ కీప్ పెట్టినవాటిని అది ముట్టుకోదు. అదే పేజీలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గురించి కూడా ఒక వరుస ఉంది. దాన్ని "నెవర్" దగ్గరే ఉంచండి, ఎందుకంటే అది పరిమితం చేయదు, ఏకంగా తుడిచేస్తుంది.

ఖాళీ చేసిన వారానికే డిస్కు మళ్లీ నిండితే, ఏదో ప్రోగ్రాము ఆ ఫైళ్లన్నీ తెరిచి చదువుతోందని అర్థం. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, ఫొటోలను సూచీ కట్టే యాప్‌లు ఇలా చేస్తాయి. వాటి సెట్టింగుల్లో క్లౌడ్ ఫోల్డర్‌ను మినహాయించండి. మీరే ఆ ఫోల్డర్‌ను జిప్ చేసినా, పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసినా ముందు అంతా కిందికి దిగుతుంది.

ఖాళీ చేసినా అంకె మారకపోతే రీసైకిల్ బిన్ చూడండి. డిలీట్ చేసినవి అది ఖాళీ అయ్యేదాకా డిస్కులోనే ఉంటాయి. విండోస్ పాత స్థితికి వెళ్లడానికి దాచుకునే సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు కూడా కొంత పట్టి ఉంచుతాయి. మ్యాక్‌లో టైమ్ మెషీన్ బ్యాకప్ వాడుతుంటే డిస్కులోని స్నాప్‌షాట్లు (డిస్కు ఆ క్షణంలో ఎలా ఉందో దాచిన నకళ్లు) తీసేసిన ఫైళ్లను కొంతసేపు పట్టి ఉంచుతాయి, ఒక రోజు ఆగి చూడండి.

కంప్యూటర్ అమ్మే ముందు, ఫార్మాట్ చేసే ముందు, లేదా ఖాతా అన్‌లింక్ చేసే ముందు సింక్ పూర్తిగా ముగిసిందని చూడండి. వన్‌డ్రైవ్ అన్‌లింక్ చేస్తే నీలం మేఘం ఫైళ్లు ఆ ఫోల్డర్‌లోంచి మాయమవుతాయి. అవి పోయినట్టు కాదు, సైట్‌లో ఉంటాయి. కానీ ఇంకా ఎక్కని ఫైళ్లు ఆ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా ఉండవు. ఫార్మాట్ చేస్తే అవి తిరిగి రావు.